పదిమంది ముందు

భోజనం తర్వాతి పీరియడ్. తొమ్మిదో తరగతి. మీరు బోర్డు వైపు తిరిగి లెక్క వేస్తున్నారు. వెనక బెంచీల్లోంచి పిల్లికూత వినిపించింది. ముందు రెండు వరుసలు కిసుక్కుమన్నాయి. మీరు గిరుక్కున తిరిగి "ఎవడ్రా అది?" అన్నారు.

జవాబు రాదు. పేరు చెప్పినవాడికి చాడీకోరన్న ముద్ర పడుతుంది, ఒప్పుకున్నవాడికి శిక్ష పడుతుంది. అందుకని అందరూ పుస్తకాల్లోకి తలలు దించుకుంటారు. మీరు మళ్ళీ అడుగుతారు, ఈసారి గొంతు పెంచి. "చెప్పేదాకా క్లాసంతా నిలబడండి" అంటారు. నిలబడతారు. పావుగంట గడుస్తుంది. లెక్క సగంలో ఆగిపోయింది. కూసినవాడు దొరకలేదు. ఏ పాపం ఎరగని పిల్లలంతా మీ మీద లోలోపల గుర్రుగా ఉన్నారు. వాడు మాత్రం సాయంత్రం సైకిల్ స్టాండు దగ్గర మొనగాడైపోయాడు.

జవాబు రాదని ముందే తెలిసిన ప్రశ్న తరగతిలో అడగొద్దు. కూత వినిపిస్తే రాసేది ఆపండి. నెమ్మదిగా తిరిగి, ఆ మూలకేసి ఓ క్షణం చూసి, లెక్కలో తర్వాతి మెట్టు ఏమిటని అడుగుతూ వెనక బెంచీల దాకా నడవండి. మిగతా లెక్క అక్కడ నిలబడే చెప్పండి. బోర్డు మీద రాసే పని ఆ వరుసలో ఒకరికి అప్పగించండి. కూసిందెవరో నాలుగు రోజుల్లో మీకే తెలిసిపోతుంది. తెలిశాక ఏం చేయాలో ముందు ముందు చెబుతాను.

హైస్కూల్లో మనకు ఎదురయ్యే చిక్కుల్లో పెద్ద భాగం తోటిపిల్లల ఎదుట పరువు చుట్టూ తిరుగుతుంది. ఈ అధ్యాయమంతా ఆ ఒక్క సంగతి మీదే. ఐదో తరగతి పిల్లాడికి టీచరు మెచ్చుకుంటే ఆ పూట పండగ. తొమ్మిదికి వచ్చేసరికి ఆ మెచ్చుకోలు పక్క బెంచీవాడి దగ్గర్నుంచి రావాలి. ఇది చెడిపోవడం కిందికి రాదు, ఎదగడంలో భాగమే. ఇల్లు దాటి తనకంటూ ఓ చోటు వెతుక్కునే వయసది. అమెరికాలోని టెంపుల్ యూనివర్సిటీలో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 2005లో ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించారు. కంప్యూటర్ మీద కారు నడిపే ఆట ఇచ్చి, కొందరిని ఒంటరిగా, కొందరిని స్నేహితులు పక్కన ఉండగా ఆడించారు. స్నేహితులు చూస్తున్నప్పుడు టీనేజీ పిల్లలు ప్రమాదకరమైన నిర్ణయాలు చాలా ఎక్కువగా తీసుకున్నారు. పెద్దవాళ్ళ మీద పక్కన ఎవరున్నారన్న దాని ప్రభావం అంతగా కనబడలేదు.

దీన్ని మన తరగతి గదిలోకి తెచ్చి చూడండి. మీరూ ఒక విద్యార్థీ తగవు పడుతున్నారంటే అక్కడ ఉన్నది ఇద్దరే అనుకోకూడదు. చూసేవాళ్ళు నలభైమంది ఉన్నారు. వాడి ముఖం మీ వైపే ఉంటుంది గానీ, వాడి జవాబు వాళ్ళకోసం. అందరి ముందూ మూలకు నెట్టేస్తే వాడు శిక్షనే ఎంచుకుంటాడు, ఎందుకంటే పరువు పోవడం కంటే శిక్ష తక్కువ బాధ. మనం మొండితనం అని పేరు పెట్టేది చాలాసార్లు ఇదే.

తప్పు జరగకముందు

జాకబ్ కౌనిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ యూనివర్సిటీలో పనిచేసేవాడు. ఒకనాడు తన క్లాసులో న్యూస్‌పేపరు చదువుకుంటున్న విద్యార్థిని మందలిస్తే, మిగతావాళ్ళంతా కూడా సర్దుకుని కూర్చోవడం ఆయన గమనించాడు. ఒకణ్ణి అంటే అందరి మీదా దాని ప్రభావం ఎలా పడుతోందో తెలుసుకోవాలని ఏళ్ళ తరబడి తరగతులను పరిశీలించాడు, వీడియోలు తీయించి మరీ చూశాడు. 1970లో వచ్చిన ఆయన పుస్తకంలో తేలిన విషయం ఏ టీచరుకైనా మింగుడుపడటం కష్టం. అల్లరి జరిగాక టీచరు ఎలా మందలించారన్న దాన్నిబట్టి తరగతి బాగుపడటమో పాడవటమో జరగలేదు. కసిరినవాళ్ళ తరగతులూ, బుజ్జగించినవాళ్ళ తరగతులూ దాదాపు ఒకేలా ఉన్నాయి. తేడా అంతా అల్లరికి ముందు టీచరు ఏం చేస్తున్నారన్న దాంట్లో ఉంది. ఏ మూల ఏం జరుగుతోందో ఈయనకు తెలుసు అన్న నమ్మకం పిల్లలకు ఉండటం, ఒక చేత్తో ఒక పని చేస్తూనే ఇంకో పనిని గమనించగలగడం, పాఠం కుదుపులు లేకుండా సాగడం. పాతకాలం పిల్లలు "మా సారుకి వెనక కూడా కళ్ళున్నాయి" అనేది ఈ మొదటి గుణం గురించే.

ఆ కళ్ళు పుట్టుకతో రావు, అలవాటుతో వస్తాయి. బోర్డు మీద రాసేటప్పుడు తరగతికి పూర్తిగా వీపు చూపకుండా పక్కకు తిరిగి నిలబడి రాయండి. ప్రతి రెండు వాక్యాలకూ ఒకసారి గదిని ఈ చివర నుంచి ఆ చివరకు చూడండి. కుర్చీలో కూర్చుని నోట్సులు దిద్దే పద్ధతి మానండి. దిద్దాల్సిన కట్ట ఎంత పెద్దదైనా సరే, బెంచీల మధ్య తిరుగుతూ వాళ్ళ దగ్గరే దిద్దండి. అన్నిటికంటే ముఖ్యం, అల్లరి చిన్నగా ఉన్నప్పుడే, మొదలుపెట్టినవాడి దగ్గరే ఆపండి. కాగితం ఉండ విసిరిన పిల్లాణ్ణి వదిలేసి, తగిలి "అబ్బా" అన్న పిల్లాణ్ణి తిట్టారనుకోండి, ఆ ఒక్క పొరపాటుతో తరగతి మొత్తానికి మీకు కనిపించడం లేదని అర్థమైపోతుంది.

పేర్లు నేర్చుకోవడం కూడా ఇందులో భాగమే. అందరూ ఒకే యూనిఫాంలో ఉండే చోట "ఏయ్, నిన్నే" అంటూ వేలు చూపిస్తే ముగ్గురు లేచి "నేనా సార్?" అంటారు. అదో నవ్వులాట. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే ఏ బెంచీలో ఎవరో కాగితం మీద గీసుకుని టేబుల్ మీద పెట్టుకోండి. జూలై వచ్చేసరికి ఆ కాగితం అక్కర్లేకుండా పోవాలి.

మన బడుల్లో పిల్లలు ఒకే గదిలో ఉంటారు, టీచర్లు మారతారు. బెల్లు కొట్టాక ఒకరు బయటికెళ్ళి ఇంకొకరు వచ్చేలోపు రెండు మూడు నిమిషాలు గదిలో పెద్దవాళ్ళెవరూ ఉండరు. రోజంతటి అల్లరికి విత్తనాలు పడేది ఆ సందులోనే. మీరు గడపలో అడుగుపెట్టేసరికే ఒక తగాదా సగంలో ఉంటుంది. దీనికి నాకు తెలిసిన గట్టి మందు ఒక్కటే, మీరు రాకముందే వాళ్ళ చేతికి పని ఉండాలి. నిన్నటి పాఠం మీద మూడు చిన్న ప్రశ్నలు క్లాస్ లీడరుకు ముందే ఇచ్చి, బెల్లు కాగానే బోర్డు మీద రాయించండి. మీరొచ్చేసరికి నోట్సులో జవాబులు మొదలై ఉండాలి. ప్రశ్నలు తేలికగా ఉండాలి, వెనక బెంచీవాడు కూడా కనీసం రెండింటికి రాయగలగాలి. మొదటి పది రోజులూ ఎవరూ రాయరు. మీరు వదలకుండా రాయిస్తే దసరా నాటికి అదే అలవాటవుతుంది.

అలవాట్లను కూడా పాఠంలాగే నేర్పాలని చాలామందికి తోచదు. నీళ్ళకు వెళ్ళాలంటే ఏం చేయాలి, నోట్సులు ఎలా పోగుచేయాలి, గ్రూపుగా కూర్చోవాలంటే బెంచీలు ఎలా తిప్పాలి, ఇవన్నీ ఒకసారి చెప్పి వదిలేస్తే రావు. బెంచీలు తిప్పడం చేయించి, శబ్దం ఎక్కువైతే నవ్వుతూనే మళ్ళీ చేయించండి. జూన్‌లో ఒక వారం పాఠాలు వెనకబడతాయి. ఫిబ్రవరిలో ఆ వారం వడ్డీతో తిరిగొస్తుంది.

ప్రశ్న అడిగే తీరు కూడా తరగతిని నిలబెడుతుంది. "రమేష్, కిరణజన్య సంయోగక్రియ అంటే ఏంటి?" అన్నారంటే రమేష్ పేరు వినగానే మిగతావాళ్ళు ఊపిరి పీల్చుకుని వాళ్ళ కబుర్లలో పడిపోతారు. ముందు ప్రశ్న, ఆ తర్వాత కాసేపు మౌనం, చివర్లో పేరు. ఆ మౌనం గురించి మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో చాలా పనిచేసింది. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పెద్దవవుతాయని, జవాబు చెప్పే పిల్లల సంఖ్యా పెరుగుతుందని చూపింది. మూడు సెకన్లు అలవాటు లేని టీచరుకు చాలా పొడుగ్గా అనిపిస్తాయి. మనసులో అంకెలు లెక్కపెట్టుకోండి.

గుజరాత్‌కు చెందిన గిజూభాయి బధేకా రాసిన 'దివాస్వప్న' తెలుగులో 'పగటి కల'గా దొరుకుతుంది. అందులో ఉపాధ్యాయుడు మొదటిరోజు ఎంతో ఆలోచించి మౌనం ఆట తయారుచేసుకుని వస్తాడు. పిల్లలు దాన్ని గోలగోల చేసేస్తారు. కథ చెప్పడం మొదలుపెట్టాక అదే పిల్లలు కదలకుండా కూర్చుంటారు. ఆ పిల్లలు నాలుగో తరగతి వాళ్ళు, మనవాళ్ళు పెద్దవాళ్ళు. అయినా పాఠం తయారుచేసుకుని వెళ్ళిన రోజుకీ, దారిలో పుస్తకం తిరగేసుకుని వెళ్ళిన రోజుకీ గదిలో వినిపించే తేడా ఏ వయసుకైనా ఒకటే.

చిన్న గొంతుతో

ఎంత ముందుచూపు ఉన్నా అల్లరి పూర్తిగా పోదు. పోకూడదు కూడా. పదిహేనేళ్ళ పిల్లలు నలభైమంది నలభై ఐదు నిమిషాలు బొమ్మల్లా కూర్చున్నారంటే అక్కడ భయం ఉందని అర్థం. మరి జరిగినప్పుడు ఏం చేయాలి? పాఠం ఆపకుండా, పదిమంది దృష్టి పడకుండా సరిచేయగల పని ఏదైనా ఉందేమో ముందు చూడండి. చూపుతో సరిపోతే పేరు పిలవొద్దు. దగ్గరికెళ్ళి నిలబడితే సరిపోయేదానికి మాట వద్దు. మాట అవసరమైతే వాడికి మాత్రమే వినబడేంత చిన్న గొంతుతో చెప్పండి. పదిమంది ముందు గట్టిగా అన్న మాటకు పదిమంది ముందే జవాబు చెప్పాల్సిన అవసరం వాడికి పడుతుంది. చెవి దగ్గర చెప్పిన మాటకు ఆ అవసరం ఉండదు.

చెప్పాక పక్కకు జరగండి. ఈ చిన్న సంగతి గురించి నేను కొంచెం గట్టిగానే చెబుతాను, ఎందుకంటే అనుభవం ఉన్న టీచర్లు కూడా ఇక్కడే జారతారు. పిల్లాడు బెంచీ కింద ఫోను చూస్తున్నాడనుకోండి. బడికి ఫోను తేకూడదని అందరికీ తెలుసు. మీరు వెళ్ళి చెయ్యి చాచి "ఇటివ్వు" అంటూ నిలబడితే, ఇచ్చేదాకా అక్కడే నిలబడాలి. వాడు ఇవ్వకపోతే? క్లాసంతా గుడ్లప్పగించి చూస్తోంది. ఆ క్షణంలో ఇద్దరిలో ఒకరి పరువు పోవాల్సిందే. దానికి బదులు, వంగి నెమ్మదిగా "ఆఫ్ చేసి నా టేబుల్ మీద పెడతావా, బెల్లయ్యాక నువ్వే హెచ్చెమ్ గారి దగ్గర ఇచ్చొస్తావా? నీ ఇష్టం" అని చెప్పి, వెంటనే పక్క బెంచీ అమ్మాయి నోట్సు చూడటానికి వెళ్ళిపోండి. మీ వీపు అటు తిరిగాక వాడికి ఊపిరాడుతుంది. అర నిమిషంలో లేచి, ఏదో గొణుక్కుంటూ, కాళ్ళీడ్చుకుంటూ వచ్చి టేబుల్ మీద పెడతాడు.

ఆ గొణుగుడు విననట్టే ఉండండి. ఆస్ట్రేలియా విద్యావేత్త బిల్ రోజర్స్ దీని గురించి వివరంగా రాశాడు. అసలు తప్పు ఒకటైతే, దాన్ని దిద్దుకుంటున్నప్పుడు పిల్లాడు పెట్టే మొహం, విసురు, నిట్టూర్పు ఇంకొకటి. మనం చాలాసార్లు అసలు తప్పును వదిలేసి ఈ రెండో దాని వెంట పడతాం. ఫోను టేబుల్ మీదికి వచ్చేసింది, మీ పని అయిపోయింది. "ఏంట్రా గొణుగుతున్నావ్? మళ్ళీ అను!" అన్నారంటే అయిపోయిన తగువును మీరే మళ్ళీ తెరిచినట్టు. ఆ గొణుగుడు పదిమంది ముందు వాడు మిగుల్చుకున్న కాస్త పరువు. ఉంచుకోనివ్వండి.

మెచ్చుకోవడంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. "చూడండర్రా, వాణ్ణి చూసి నేర్చుకోండి" అని వెనక బెంచీ కుర్రాణ్ణి అందరి ముందూ పొగిడితే, ఇంటర్వెల్లో వాడికి 'సారు చెంచా' అని పేరు పడుతుంది. మర్నాడు ఆ పేరు చెరుపుకోవడానికైనా వాడు ఏదో ఒకటి చేయాలి. నోట్సులో ఒక వాక్యం రాయండి. వరండాలో ఎదురైనప్పుడు "నిన్న నువ్వు వేసిన లెక్క బాగుందిరా" అనండి. అలాంటి మాటను పిల్లలు ఏళ్ళ తరబడి దాచుకుంటారు.

ఎదురు తిరిగిన రోజు

ఇంత చేసినా ఒక రోజు వస్తుంది. "నేనేం చేశాను? ఎప్పుడూ నన్నే అంటారేంటి?" అని ఒకడు లేచి నిలబడతాడు. గొంతు వణుకుతుంటుంది, కళ్ళు ఎర్రబడతాయి. మీ ఒంట్లో కూడా నెత్తురు పోటెత్తుతుంది. అప్పుడు వాదన మొదలుపెట్టకండి. వాడు చేసింది తప్పని రుజువు చేయగలిగినా సరే, అది వేళ కాదు. "సరే. నీ మాట వింటాను, బెల్లయ్యాక. ఇప్పుడు ఏడో లెక్క తియ్యి." గొంతు మామూలుగా ఉండాలి, మాట పొట్టిగా ఉండాలి. వాడు కూర్చోకపోయినా మీరు పాఠంలోకి వెళ్ళిపోండి. నిలబడటంలో తోడు ఎవరూ రాకపోతే వాడే కూర్చుంటాడు. చెయ్యి చేసుకునేదాకా వస్తే, లేదా ఇద్దరు కొట్టుకుంటుంటే, క్లాస్ లీడర్ని హెచ్చెమ్ దగ్గరికో పక్క గది టీచరు దగ్గరికో పంపండి. చూసేవాళ్ళను బయటికి పంపడం కొట్టుకునేవాళ్ళను విడదీయడం కంటే సులువు, చాలాసార్లు అంతకంటే పనికొస్తుంది కూడా.

బెల్లయ్యాక అన్నారు కదా, ఆ మాట నిలబెట్టుకోవాలి, ఆ రోజే. స్టాఫ్‌రూముకు రమ్మనకండి, అక్కడ ఇంకో పదిమంది ఉంటారు. "వీడేనా? మా క్లాసులోనూ ఇంతే" అని ఒకరు, "వీళ్ళ అన్న కూడా ఇలాగే ఉండేవాడు" అని ఇంకొకరు అందుకుంటారు. వరండా చివర, చెట్టు కింద, నలుగురికీ కనబడేలా, ఎవరికీ వినబడకుండా కూర్చోండి. వాణ్ణీ కూర్చోమనండి. "ఎందుకు చేశావ్?" అన్న ప్రశ్న వద్దు. ఆ వయసులో వాళ్ళకే చాలాసార్లు తెలియదు, అందుకే "ఏం లేదు సార్" అంటారు. "అసలేం జరిగింది?" అని అడిగి ఊరుకోండి. చెప్పనివ్వండి. మధ్యలో అడ్డుపడకండి, అబద్ధమని తెలిసినా సరే, పూర్తయ్యేదాకా. ఆ తర్వాత దానివల్ల ఎవరికి ఇబ్బంది కలిగింది, దాన్ని సరిచేయాలంటే తను ఏం చేస్తాడు అన్న రెండు సంగతులు వాడి నోటితోనే చెప్పించండి. పిల్లికూత కుర్రాడి కోసం ఇంతకుముందు ఆపిన మాట ఇదే. తెలిశాక ఇలా ఒంటరిగా, మీకు తెలుసని మాత్రం చెప్పి మాట్లాడండి. ఎవరు చెప్పారో ఎప్పటికీ బయటపెట్టొద్దు.

మర్నాడు ఉదయం అసెంబ్లీ దగ్గర ముందు మీరే పలకరించండి. "టిఫిన్ తిన్నావా?" అంటే చాలు. నిన్నటిది నిన్నటితో అయిపోయిందన్న సంగతి వాడికి అర్థమవుతుంది.

అల్లరి వెనక ఉన్నది

ఇంగ్లిష్ పీరియడ్‌లో వరసగా ఒక్కొక్కరూ లేచి పేరా చదవాలి. తన వంతు రావడానికి రెండు బెంచీల ముందు ఒకడు పక్కవాణ్ణి గిల్లి, అరిపించి, "బయటికి పో" అనిపించుకుంటాడు. ఇది మళ్ళీ మళ్ళీ జరిగితే ఆగి ఆలోచించండి. వాడికి చదవడం రాదేమో. 2022 నాటి అసర్ సర్వే ప్రకారం దేశంలో గ్రామీణ ప్రాంతాల ఎనిమిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవారు సుమారు 70 శాతం. అంటే పదిమందిలో ముగ్గురు చదవలేకుండానే హైస్కూలు బెంచీల మీద కూర్చున్నారు, అదీ తమ భాషలోనే. నలభైమంది ఉన్న గదిలో పన్నెండు మంది. ఆ పన్నెండు మందీ రోజూ ఆరేడు గంటలు ఆ సంగతి బయటపడకుండా కాపాడుకుంటూ గడపాలి. చదవలేడని తెలియడం కంటే పోకిరి అని పేరు రావడం వాడికి నయం. పోకిరికి తరగతిలో ఒక హోదా ఉంటుంది.

వీడికి శిక్షలు పనిచేయవు. వరస చదువు మానేయండి. ఏ పేరా చదవాల్సి వస్తుందో ముందురోజే రహస్యంగా చెప్పి, రెండు వాక్యాలు మాత్రమే ఇచ్చి, ఇంటి దగ్గర చదువుకుని రమ్మనండి. జంటగా చదివించండి. తరగతి స్థాయి పుస్తకాన్ని కాసేపు పక్కనపెట్టి, సాయంత్రం ఒక అరగంట, పదిమంది చూడని చోట, వాడి స్థాయి నుంచి మొదలుపెట్టండి. తొమ్మిదో తరగతివాడి చేతికి అందరి ముందు ఒకటో తరగతి వాచకం ఇస్తే వాడు మర్నాటి నుంచి బడికే రాడు.

బోర్డు కనబడక పక్కవాడి నోట్సులోకి తొంగిచూసే పిల్లను కబుర్లు చెబుతోందని తిడుతుంటాం. కంటిచూపు, వినికిడి ముందు చూపించండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడులకు వచ్చే వైద్య బృందం ఆ పనికోసమే ఉంది. ఎంత చెప్పినా అక్షరాలు తారుమారు చేసే పిల్లలకు డిస్లెక్సియా లాంటిది ఉండవచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టం దాన్ని గుర్తించింది, పరీక్షల్లో వెసులుబాట్లూ ఉన్నాయి.

పత్తి తీతలకూ మిరప కోతలకూ వెళ్ళి పదిహేను రోజుల తర్వాత వచ్చిన పిల్లను "అమ్మగారు దయచేశారు, లేచి దండం పెట్టండర్రా" అని ఆహ్వానించడం నేను చాలా బడుల్లో విన్నాను. ఆ పిల్ల ఆ పదిహేను రోజులూ ఎండలో కూలికి పోయింది. పెళ్ళిళ్ళ సీజన్లో రాత్రిళ్ళు కేటరింగ్‌కి వెళ్ళి వచ్చే కుర్రాళ్ళు మొదటి పీరియడ్లో తూలుతుంటారు. వెళ్ళనివాళ్ళకు కూడా ఈ వయసులో నిద్ర ఆలస్యంగానే పడుతుంది, శరీరం లోపలి గడియారమే కొంచెం వెనక్కి జరుగుతుంది. తిట్టేముందు ఒక్కసారి అడగండి, రాత్రి ఎన్నింటికి పడుకున్నావని.

బెత్తం సంగతి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే విద్యా నియమావళిని సవరించి బడుల్లో కొట్టడాన్ని నిషేధించారు. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ రెండింటినీ నిషేధించింది. ఆ చట్టం పద్నాలుగేళ్ళ దాకానే వర్తిస్తుంది కదా, పదో తరగతివాణ్ణి కొట్టొచ్చు అనుకునేవాళ్ళకు 2015 బాల న్యాయ చట్టంలోని 75వ సెక్షన్ ఉంది, అది పద్దెనిమిదేళ్ళ లోపు వారందరికీ. గోడకుర్చీ, గుంజీలు, ఎండలో నిలబెట్టడం కూడా దండనే.

చట్టం ఒక పక్కన పెట్టినా, బెత్తం పట్టుకునే సారు పీరియడ్లో తరగతి నిశ్శబ్దంగానే ఉంటుంది. ఆయన వెళ్ళాక వచ్చే టీచరు దాని బాకీ తీరుస్తారు, ముఖ్యంగా కొత్తగా వచ్చిన టీచరో, మెత్తగా మాట్లాడే మేడమో. ఇక ఆడపిల్లల జడలు, బట్టలు, ఒళ్ళు గురించి, పిల్లల కులం గురించి, తండ్రి చేసే పని గురించి అందరి ముందూ అనే మాట బెత్తం కంటే లోతుగా దిగుతుంది. దానికి ఏ సందర్భంలోనూ చోటు లేదు.

తల్లిదండ్రులే వచ్చి "కళ్ళు రెండూ వదిలేసి ఎక్కడైనా కొట్టండి సార్, మేం ఏమీ అనం" అంటారు. అది వాళ్ళ ప్రేమ, మన మీద నమ్మకం కూడా. "కొట్టనండీ. మీరు నాకో సాయం చేయండి. రాత్రి పదింటికి ఫోను మీ దగ్గర పెట్టుకోండి, పొద్దున్న వాడు ఏదో ఒకటి తిని బయల్దేరేలా చూడండి" అని వాళ్ళకో పని అప్పగించండి. అసలు తల్లిదండ్రులకు మీరు చేసే మొదటి ఫోను మంచి కబురుతో ఉంటే తర్వాతి ఫోను తేలికవుతుంది. బడి నుంచి ఫోను వస్తే ఆ ఇంట్లో గుండె జారడం మామూలు. జూలైలోనే, ఏ గొడవా లేని రోజు చూసి, "మీ అబ్బాయి ఆటల పోటీల్లో బాగా కష్టపడ్డాడు" అని ఒక ఫోను చేసి పెట్టుకోండి.

మరి తప్పుకు ఫలితం ఉండొద్దా అంటే తప్పక ఉండాలి, కానీ అది తప్పుకు సంబంధించినదై ఉండాలి. బెంచీ చెక్కినవాడు దాన్ని గరుకు కాగితంతో రుద్ది సరిచేయాలి. పీరియడ్ పాడుచేసినవాడు పోయిన పాఠాన్ని తన ఇంటర్వెల్లో రాసుకోవాలి. ఒకే వాక్యాన్ని వందసార్లు రాయించే ఇంపోజిషన్ వల్ల పిల్లలకు రాయడం అంటేనే శిక్ష అన్న భావం మిగులుతుంది. బయట నిలబెడితే, చదువంటే భయమున్నవాడికి మీరు సెలవిచ్చినట్టే. ఒకరి తప్పుకు అందరికీ శిక్ష వేయొద్దు, ఎంత కోపం వచ్చినా సరే.

ప్రేమలేఖ దొరికితే, ఫోనులో మెసేజీలు కనబడితే, తరగతిలో చదవొద్దు, స్టాఫ్‌రూములో చేతులు మారనివ్వొద్దు, అసెంబ్లీలో ప్రస్తావించొద్దు. మడిచి జేబులో పెట్టుకోండి. ఆ వయసులో ఈ ఒక్క విషయంలో పదిమంది ముందు పరువు పోతే పిల్లలు ఎంతకైనా తెగిస్తారు. తెలుగు నేల మీద ఏటా మనం చదివే వార్తల్లో ఇలాంటివి ఉంటూనే ఉన్నాయి. ఆడపిల్ల అయితే ఒక మహిళా టీచరు ఒంటరిగా మాట్లాడాలి. ఇంట్లో చెప్పాల్సి వస్తే పిల్లకు ముందు చెప్పి, తల్లికి నెమ్మదిగా చెప్పాలి. ఆ సాయంత్రం పిల్ల ఒంటరిగా ఇంటికి వెళ్ళకుండా చూడాలి. ఆ మాటల్లో పెద్దవాళ్ళెవరైనా పిల్లను లైంగికంగా వేధిస్తున్నట్టు తెలిస్తే దాచిపెట్టే హక్కు మనకు లేదు. 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098 ప్రతి తరగతి గోడ మీదా ఉండాలి.

ఒక నోట్సు పెట్టుకోండి

ఒక టీచరు ఒంటరిగా ఇవన్నీ చేయగలిగినా, పక్క గదిలో ఇంకో పద్ధతి నడుస్తుంటే ఫలితం సగమే. అల్లరి పిల్లల్ని పీఈటీ సారు దగ్గరికి పంపి కొట్టించే అలవాటు చాలా బడుల్లో ఉంది. దానివల్ల పిల్లలకు ఆటలంటే ఉన్న ఇష్టం పోతుంది, మీకు మీ తరగతి మీద ఉన్న పట్టూ పోతుంది. మీటింగ్‌లో పది నియమాలు పెట్టుకునే బదులు అందరూ పాటించగలిగే మూడింటి మీద ఒప్పందానికి రండి. భోజనం వరుస దగ్గర, కుళాయి దగ్గర, మరుగుదొడ్ల దారిలో ఇంటర్వెల్లో ఎవరో ఒకరు ఉండేలా వంతులు వేసుకోండి. పెద్ద కొట్లాటలు మొదలయ్యేది ఎక్కువగా అక్కడే. బడికి వంద గజాల లోపు గుట్కా, సిగరెట్ అమ్మడం 2003 నాటి చట్టం ప్రకారం నేరం. ఆ దుకాణం సంగతి హెచ్చెమ్ గారు లిఖితపూర్వకంగా పైకి రాయాలి.

మిమ్మల్ని బాగా వేధిస్తున్న ముగ్గురు నలుగురు పిల్లల కోసం ఒక చిన్న నోట్సు పెట్టుకోండి. తప్పుల పట్టికలా రాయకండి. ఏ రోజు, ఎన్నో పీరియడ్, అంతకు నిమిషం ముందు తరగతిలో ఏం జరుగుతోంది, పక్కన ఎవరున్నారు, మీరు ఏం చేశారు, తర్వాత ఏమైంది, ఇంతే, రోజుకు రెండు వరుసలు. ఎవరికీ చూపించకుండా మూడు వారాలు రాయండి. అప్పుడు మొదటి పేజీ నుంచి చదవండి. మీరు "రోజంతా అల్లరే" అనుకున్నవాడు మంగళ, గురువారాల్లో ఆరో పీరియడ్లోనే, ఫలానా వాడి పక్కన కూర్చున్నప్పుడే, రాసే పని ఇచ్చినప్పుడే రేగుతున్నాడని బయటపడవచ్చు. ఆ రెండు రోజుల్లో ఆటల పీరియడ్ లేకపోవచ్చు. అప్పుడు మీ చేతిలో చేయగల పనులు మూడు ఉంటాయి. వాడి చోటు మార్చడం, ఆ పీరియడ్లో రాతకు ముందు పది నిమిషాలు లేచి కదిలే పని పెట్టడం, టైంటేబుల్‌లో ఆటల పీరియడ్‌ను ఆ రోజుకు మార్చమని హెచ్చెమ్ గారిని అడగడం. నోట్సు తీసుకెళ్ళి చూపిస్తూ అడగండి. తేదీలతో సహా రాసి ఉన్న కాగితాన్ని చూశాక కాదనే హెచ్చెమ్‌లు తక్కువ.